మంచి పన్ను

మా ఇంట్లో దాని పేరు ఎవరూ పలకరు. "అది" అంటారు. "అది వచ్చినప్పుడు", "అది తగ్గాక", "అది మళ్ళీ గాని..." అని అక్కడితో ఆపేస్తారు. చెప్పాపెట్టకుండా దిగబడే చుట్టం గురించి మాట్లాడుకున్నట్టు, గొంతు తగ్గించి, వీధి గుమ్మం వైపు చూస్తూ మాట్లాడుకుంటాం. మొదట మా అక్కకి వచ్చింది, ఎడమ రొమ్ములో. కొన్నేళ్ళకి నాకూ వచ్చింది, అదీ ఎడమ వైపే. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే తానులో గుడ్డ చింపించి గౌన్లు కుట్టించేవారు. ఇదీ అదే తానులోదిలే అని నేను ఆసుపత్రిలో జోకేస్తే అక్క పగలబడి నవ్వింది. మా ఆయన మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కోతలు, మందులు, ఊడిన జుట్టు, ఆ పెద్ద మెషీను కింద ఒంటరిగా పడుకోవడం, అన్నీ ఇద్దరం దాటాం. దాటాక అక్క కొన్నేళ్ళు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒక ఎండాకాలం, బడులు తెరవబోయే ముందు, కొట్లో కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయింది. వంతెన అవతల, మా ఇద్దరికీ వైద్యం చేసిన పాత ఆసుపత్రికి బయల్దేరాం. వంతెన దాటకముందే అయిపోయింది. అది మళ్ళీ వచ్చిందన్నారు అందరూ. ఇంకో మాట ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు చెప్పేది అక్క పోయిన మూడో ఎండాకాలం సంగతి.

మాది బడి యూనిఫారాలు కుట్టే కొట్టు. ముందు గది కొట్టు, వెనక ఇల్లు, నిటారు మెట్లెక్కితే పైన తానులు పెట్టుకునే గది. ఏడాదంతా ఈగలు తోలుకునే కొట్టు ఆ నెలన్నరలో మాత్రం ఊపిరి పీల్చుకోనివ్వదు. నేల మీద నీలం ముక్కలు, తెల్ల ముక్కలు, సుద్దపొడి, దారప్పోగులు. గోడలకి మేకులు కొట్టి వాటికి ఒక్కో బడి కొలతల కాగితాలు వేలాడదీసి ఉంటాయి. ఫ్యాను వేస్తే కాగితాలన్నీ ఒక్కసారి లేస్తాయని ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయం.

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. సెలవుల్లో ఆయనకి పనుండదు, బస్సు మా వీధి మలుపులోనే ఆగి ఉంటుంది. ఊరికే కూర్చోవడం చేతకాక గుండీలు కుడతానని సూది పట్టుకుంటారు. ఆయన కుట్టిన గుండీ బడి మొదటి గంట కొట్టేలోపే ఊడి ఎక్కడో పడుతుంది. అందుకని ఆయన లోపలికెళ్ళాక మేము మళ్ళీ కుడతాం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అయినా కుడతారు.

మూడో మనిషి పిచ్చుక. అక్క కూతురు. తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లి పోయాక మా దగ్గరికి వచ్చేసింది. ఒక్క చోట కాలు నిలవదు కనుక చిన్నప్పుడే ఆ పేరు పెట్టాం. ఇప్పుడు పాతికేళ్ళు దాటినా పిచ్చుకే. మాకు పిల్లలు లేరు, ఉన్నా ఇంతకన్నా ఎక్కువ సతాయించేవారు కాదు. గుడ్డ కత్తిరించడం మాత్రం తల్లి చేయే. అక్క గుడ్డలో కత్తెర పెట్టే ముందు గాల్లో రెండుసార్లు ఆడించేది, టిక్కు టిక్కుమని. ఇదీ అంతే.

ఆ ఏడాది నాకు ఆ చప్పుడు పిచ్చుక లేనప్పుడు కూడా వినబడటం మొదలైంది. అది బజారుకెళ్ళి ఉండేది, నేను వంటింట్లో ఉండేదాన్ని, కొట్లోంచి టిక్కు టిక్కు. వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. కిటికీ పక్క అక్క స్టూలు ఖాళీగా ఉండేది. దాన్ని తీసేయడానికి మాకెవరికీ చేతులు రాలేదు, దాని మీద ఎవరమూ కూర్చోం. నాకు భయం వేసిందంటే అబద్ధం. అక్క కదా, అక్కకి భయపడతానా? కానీ ఎందుకొచ్చిందో అని మాత్రం అనుకున్నాను.

ఎందుకొచ్చిందో నాకు మెట్ల మీద తెలిసింది. భుజాన తాను వేసుకుని పై గదిలోంచి దిగుతున్నాను. ఎడమ దవడ లోపల ఎవరో మెలిపెట్టి లాగినట్టయింది. తాను మెట్టు మీద పెట్టి, దవడ అరచేత్తో పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి పోయింది. మర్నాడు ఎక్కుతుంటే వచ్చింది. ఆ తర్వాత వీధి చివరి దాకా నడిచినా వచ్చేది. రాత్రి పడుకుని లేచినా ఒళ్ళు ఇంకా అలిసిపోయే ఉండేది, బకెట్టు నీళ్ళు మోసినా ఆయాసం.

ఇవన్నీ నాకు కొత్త కాదు. అన్నీ ఇదే వరసలో అక్కకి చూశాను.

"ఏంటే, మెట్ల మీద ధ్యానం చేస్తున్నావా?" అన్నారు మా ఆయన కింద నుంచి.

"మీ గుండీలు గుర్తొచ్చి తల పట్టుకున్నాను."

ఆయన నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. నీలం గుడ్డ మీద సుద్ద గీత గీస్తూ తల పైకెత్తి నన్ను చూసింది. దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెయ్యి తీసెయ్ పిన్నీ."

"ఏంటి?"

"దవడ మీంచి చెయ్యి తీసెయ్. అమ్మలా పట్టుకోకు."

తీసేశాను. పన్ను నొప్పి అన్నాను. అప్పట్లో అక్క కూడా అదే అంది.

మా ఆయన వెంటనే మొన్నటి రిపోర్టు సంగతి ఎత్తారు. ఏటా చూపించుకునే పరీక్షలు నాకు ఆ మధ్యే అయ్యాయి. అంతా బాగుందన్నారు, ఇంకో ఏడాది దాకా రావద్దన్నారు. "రిపోర్టు శుభ్రంగా ఉందిగా. ఉత్త పన్ను నొప్పే" అన్నారు ఆయన పిచ్చుకతో, తనకి తాను చెప్పుకున్నట్టు. పిచ్చుక, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అక్క రిపోర్టు కూడా శుభ్రంగానే ఉండింది.

అప్పుడే నేను నిర్ణయించుకున్నాను. అది మళ్ళీ వచ్చింది, అక్క నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. రానీ. కానీ ఆ మెషీను కింద ఇంకోసారి పడుకోను. బడులు తెరిచేదాకా నోరు మెదపను. ఈ పిల్ల ఒక ఎండాకాలంలో తల్లిని సాగనంపింది, ఈ ఎండాకాలమైనా అది నిశ్చింతగా గుడ్డ కత్తిరించుకోవాలి. ఇలా అనుకుంటే నాకు ధైర్యం రాలేదు, చచ్చేంత భయమేసింది. భయాన్ని మింగి మళ్ళీ కుట్టుమెషీను తొక్కాను.

ఒక మధ్యాహ్నం తెల్ల గుండీలు అయిపోయాయి. పైన అటక మీద అక్క పాత గుండీల డబ్బా ఉంటే దించి బల్ల మీద బోర్లించాను. గుండీల మధ్య ఒక పన్ను పడింది.

ముందు గుండీ అనుకుని వేలితో తోశాను కూడా. తర్వాత చూస్తే రెండు వేర్లున్న దవడ పన్ను. గుర్తొచ్చింది. దవడ నొప్పి భరించలేక అక్క మా వీధిలో అప్పుడుండే ముసలి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పీకించుకుంది. ఆయన ఏ పన్నని అడిగాడు, ఇది చూపించింది, పీకేశాడు. నోట్లో దూది పెట్టుకుని వచ్చి, పన్ను నా అరచేతిలో వేసి, "ఎంత గట్టిగా ఉందో చూడవే, వాడికి పీకలేక చెమటలు పట్టాయి" అని నత్తినత్తిగా నవ్వింది. అదే వారంలో పోయింది.

కొట్లో ఎవరూ లేరు. టిక్కు టిక్కుమంది. నేను తల తిప్పలేదు. "ఏం చెప్తున్నావే అక్కా?" అన్నాను పైకే. పన్ను డబ్బాలో వేసి మూత పెట్టాను.

మర్నాడు పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మరీ నొప్పిగా ఉంది, పీకేస్తే బడులు తెరిచేదాకా నెట్టుకొస్తాననుకున్నాను. ముసలాయన లేడు. చెప్పుల కొట్టు పైన ఒక కొత్త డాక్టరమ్మ పెట్టుకుంది, వయసు పిచ్చుక కన్నా కాస్త ఎక్కువుంటుందేమో. మెట్లెక్కేసరికి దవడ లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బల్ల మీద కూర్చుని నా వంతు వచ్చేదాకా ఆగాను. లోపలికి పిలిచేసరికి నొప్పి పోయింది.

"ఏ పన్నమ్మా?"

"ఇదే. కింద, ఎడమ వైపు, చివరది. పీకేయండి."

ఆమె సన్న కడ్డీతో ఒక్కో పన్నూ తట్టింది. చల్లగాలి కొట్టింది. గట్టిగా కొరకమని గుడ్డ ఉండ ఇచ్చింది. ఫోటో తీసి వెలుగులో పెట్టి చూసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"ఇప్పుడు లేదు. వచ్చినప్పుడు ఉంది."

"నమిలినప్పుడు వస్తుందా?"

"లేదు."

"మరెప్పుడు?"

"మెట్లెక్కినప్పుడు. బరువు మోసినప్పుడు."

ఆమె చేతిలోది పళ్ళెంలో పెట్టి, ముఖానికున్న గుడ్డ కిందికి లాక్కుంది. "మీరు మెట్లెక్కుతున్నారని పన్నుకెలా తెలుస్తుందమ్మా?"

నాకు నవ్వొచ్చింది. "అదంతా నాకెందుకండీ, పీకేయండి. మా అక్కకి కూడా ఇలాగే వస్తే పీకేశారు."

"పోయిందా నొప్పి?"

ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"అక్కే పోయింది" అన్నాను.

ఆమె తన స్టూలు నా దగ్గరికి లాక్కుంది. ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా చేసిందా అంది. చెప్పాను. పేరు నోరు తెరిచి పలకాల్సి వచ్చింది, "అది" అంటే ఆమెకి అర్థం కాలేదు మరి. ఏ వైపు అంది. ఎడమ వైపు అన్నాను. ఛాతీకి కిరణాలు పెట్టారా అంది. పెట్టారన్నాను.

"మీ పళ్ళలో దోషం లేదు. మీరు ఇవాళే, ఇక్కడి నుంచి అటే, గుండె డాక్టరుకి చూపించుకోండి. నేను ఫోన్ చేసి చెప్తాను."

"నాకు గుండె జబ్బేమిటండీ? నాకున్నది వేరే."

"ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాదని ఎవరు చెప్పారు?" అంది. కోపంగానే అంది.

ఎవరూ చెప్పలేదు. కానీ మేమంతా అలాగే బతికాం. మనిషికి ఒకటే చావు, మా ఇద్దరి చావూ ఎటు నుంచి రావాలో ముందే తేలిపోయిందన్నట్టు, ఇన్నేళ్ళూ ఒకే గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాం. దారంతా అదే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. గుండె డాక్టరు దగ్గరికి సాయంత్రం వెళ్దామనుకున్నాను. ఒక బడి వాళ్ళు మధ్యాహ్నానికి ఆడపిల్లల పినఫోరు గౌన్లు తీసుకెళ్ళడానికి వస్తారు, ఇంకా కుచ్చులకి ఇస్త్రీ కాలేదు.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి రెండోదో మూడోదో చేస్తున్నాను. వీపు మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. వాంతి వచ్చేలా ఉంది. చెమట ధారగా కారి గుడ్డ మీద పడింది. ఛాతీలో కత్తి దిగడం, గుండె పట్టుకుని పడిపోవడం, అలాంటివేమీ లేవు. ఒంట్లో ఉన్న సత్తువంతా కాళ్ళలోంచి నేలలోకి జారిపోతున్నట్టుంది, అంతే. దగ్గర్లో ఉన్నదాని మీద కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అది అక్క స్టూలు.

అక్కడ కూర్చుంటే వీధి ఎంత కనబడుతుందో నాకు అంతకుముందు తెలియదు. మలుపు దగ్గర నిలిపిన బస్సు, దాని అద్దాలు తుడుస్తున్న మా ఆయన, అంతా కనబడుతోంది. అక్క ఆఖరిసారి ఇదే చూసింది. ఆమె నా పక్కనే ఉంది. ఉందని ప్రమాణం చేసి చెప్పగలను. నన్ను పిలవడం లేదు. నా చెంప మీద చెయ్యి వేసి, దవడ దగ్గర, సరిగ్గా అక్కడే నొక్కుతోంది.

పిచ్చుక గుడ్డ తాను తిప్పుతూ ఇటు తిరిగింది. తల్లి స్టూలు మీద, తల్లిలా దవడ పట్టుకుని నేను. అది అరవలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, కిటికీలోంచి తల పెట్టి, "బాబాయ్, బస్సు తియ్యి" అంది.

పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. తల పిచ్చుక ఒళ్ళో ఉంది. ముందు సీటు వెనక ఎవరో పిల్లవెధవ పెన్నుతో గీసిన మీసాల బొమ్మ నన్నే చూస్తోంది. మా ఆయన ఏనాడూ అంత జోరుగా బస్సు నడపలేదు. కూడలి దగ్గర ఎర్ర దీపం పడితే ఆగింది. ఎడమకి తిరిగితే వంతెన, వంతెన అవతల మా పాత ఆసుపత్రి. ఆయన చెయ్యి అలవాటుగా ఎడమ వైపు దీపం వేసింది. టిక్కు, టిక్కు, టిక్కు.

"అటు కాదు" అన్నాను.

"మాట్లాడకు. మన డాక్టరు అటే కదా ఉండేది."

"అటు కాదండీ. గుండె. పళ్ళ డాక్టరమ్మ చెప్పింది."

"గుండె సంగతి పళ్ళ డాక్టరు చెప్పడమేంటే? రిపోర్టులన్నీ అక్కడే ఉన్నాయి, మన సంగతంతా వాళ్ళకే తెలుసు."

పిచ్చుక నా నుదుటి చెమట తుడిచి, ఆ తడిచెయ్యి చూసుకుంది. "అమ్మకీ ఇలాగే పట్టింది బాబాయ్. అమ్మని అటే తీసుకెళ్ళాం" అంది. తర్వాత, "కుడికి తిప్పు" అంది.

వెనక కార్లు హారన్లు మోగిస్తున్నాయి. ఆయన ఒక క్షణం అద్దంలోంచి నన్ను చూశారు. కుడికి తిప్పారు. ఎడమ వైపు దీపం ఆర్పడం మరిచిపోయారు. పెద్దాసుపత్రి గేటు దాకా అది అలాగే కొట్టుకుంటూనే ఉంది.

మణికట్టులోంచి సన్న తీగ పంపి గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నరం ఒకటి పూడుకుపోతే తెరిచారట. ఇంకాస్త ఆలస్యమైతే చేయడానికేమీ ఉండేది కాదని గుండె డాక్టరు చెప్పాడు. నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని మా ముగ్గురికీ బొమ్మ గీసి చూపించాడు. ఛాతీకి ఎడమ వైపు కిరణాలు పెట్టించుకున్న వాళ్ళకి, ఆ జబ్బుకి వాడే కొన్ని మందులు వాడిన వాళ్ళకి, ఏళ్ళు గడిచాక గుండెకి ఇబ్బంది రావచ్చట. అందరికీ వస్తుందని కాదు, కానీ గుండెని కూడా కనిపెట్టుకుని ఉండాలట. పైగా ఆడవాళ్ళకి గుండెపోటు చాలాసార్లు దవడలో, వీపులో, ఆయాసంలో, వాంతిలో దాక్కుని వస్తుందట.

"మాకెవరూ ఈ ముక్క చెప్పలేదండీ" అన్నారు మా ఆయన.

"మీరు అది మళ్ళీ వచ్చిందా అని అడిగి ఉంటారు. వాళ్ళు రాలేదని చెప్పి ఉంటారు. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు" అన్నాడు ఆయన.

పిచ్చుక అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. తల్లి సంగతంతా చెప్పింది, అలుపు, మెట్లు, దవడ, చెమట. "అయితే మా అమ్మది కూడా గుండేనా?"

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "చూడని మనిషి గురించి నేనేం చెప్పనమ్మా? పన్ను పీకారంటున్నావు. పన్ను పుచ్చిపోయి ఉంటే ఆ దవడ నొప్పి నిజంగా పన్నుదే కావచ్చు."

పిచ్చుక నా వైపు చూసింది. ముక్కులో గొట్టాలతో నేను చెప్పగలిగింది ఒక్కటే. "గుండీల డబ్బాలో ఉంది" అన్నాను.

బడులు తెరిచారు. మా ఆయన కుట్టిన గుండీలతోనే ఆ ఏడాది సగం పిల్లలు బడికి వెళ్ళారు, మళ్ళీ కుట్టడానికి ఎవరికీ తీరలేదు. నన్ను మెట్లెక్కనివ్వడం మొదలుపెట్టాక ఒక పొద్దున నేను, పిచ్చుక చెప్పుల కొట్టు పైకి వెళ్ళాం. పిచ్చుక ఒక్కో మెట్టుకీ ఆగి, నా ముఖం చూసి, తర్వాతే ఇంకో మెట్టు ఎక్కనిచ్చింది.

డాక్టరమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. పిచ్చుక రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. ఎవరిదని చెప్పలేదు. "ఇది చూసి చెప్పండి" అంది.

ఆమె దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. సన్న కడ్డీతో గీకింది. రెండు వేర్లనీ చూసింది. చాలాసేపే చూసింది.

"పుచ్చు లేదు. పగులు లేదు. వేర్లు కూడా శుభ్రంగా ఉన్నాయి. మంచి పన్ను" అని, "ఎందుకు తీశారు?" అంది.

పిచ్చుక పన్ను తీసుకుని, రుమాల్లో చుట్టి, పిడికిట్లో పెట్టుకుంది. మెట్లు సగం దిగాక ఉన్నట్టుండి కూర్చుండిపోయింది. మెట్లు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని నడుస్తున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"చెప్పింది కదా పిన్నీ" అంది. "అమ్మ నొప్పి అని చెప్పింది కదా. ఇక్కడ అని కూడా చూపించింది."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. నేనూ ఏడ్చాను. ఆ ఎండాకాలమంతా ఏడవనిది ఆ మెట్ల మీద, చెప్పులు కొనుక్కునే వాళ్ళందరి ముందు ఏడ్చాను. కాసేపటికి పిచ్చుక ముక్కు చీదుకుని, పిడికిలి విప్పకుండానే రెండో చేత్తో నా దవడ పట్టుకుంది.

"నొప్పుందా?"

"లేదే."

"నిజం చెప్పు."

"లేదు. ఉంటే చెప్తాను."

"ఎక్కడున్నా చెప్పాలి."

"ఎక్కడున్నా చెప్తాను" అన్నాను. అది నమ్మలేదు. చెయ్యి తీయకుండా మళ్ళీ అడిగింది.